బావి రాయి మీద మూడు సంవత్సరాలు

అనుమానం మా ఇంటి ఇలవేల్పు. సందు చివరి చిన్న గుడికి అర్చకుడైన మా బాపుకు, అంటే నాన్నకు, గౌలిపుర గౌళీలంటే, ఆ పాలవాళ్లంటే మరీనూ. పాలలో నీళ్లు కలుపుతారని, దొడ్డిగోడ జరుపుతారని ఎప్పుడూ గొణిగేవాడు. మా వాకిట్లోని బావి దరిదాపులకు వాళ్ల బర్రెలను రానిచ్చేవాడు కాదు. ఎండాకాలం వాళ్లు నీళ్లకోసం పడే పాట్లు మా గడపలోంచే నాకు కనిపించేవి. చివరికి వాళ్ల పెద్దాయన, బావి తమది కూడానని నయాపూల్ దగ్గరి కోర్టులో దావా వేశాడు.

రాష్ట్రాలు కలిసిన మరుసటి వేసవిలో కోర్టు పంపిన అధికారి ఒకాయన బావి చూడటానికి వచ్చాడు. కోస్తా మనిషి. మా తాతల కాలం నాటిదంటూ బాపు గట్టు మీది రాయి చూపించాడు. దాని మీద శకం 1739, హిజ్రీ 1232, ఫస్లీ 1226 అని అంకెలున్నాయి.

"ఒక్క బావికి మూడు సంవత్సరాలేంటండీ పంతులుగారూ? మొన్నీమధ్య చెక్కించింది కాదు కదా?" అన్నాడాయన.

బాపుకు ఒళ్లు మండింది. "హిజ్రీ చందమామ వెంట ఉరుకుతది సార్, ఫస్లీ పంట వెంట నడుస్తది. గందుకే గా తేడా. అన్నీ కలిసి ఒక్క ఈశ్వర సంవత్సరమే. మీ ఇంగ్లీషు లెక్కల 1817."

అధికారి వేళ్లమీద లెక్క వేసుకున్నాడు. లెక్క కుదిరింది, అనుమానం తీరలేదు. అంకెల కిందంతా సున్నం ఉంటే, అదేమిటని బాపును అడిగాడు.

"గదా? ఏటేటా ఉగాదికి సున్నం కొడతం సార్. మా ఆచారం."

"అయితే గీకండి. పాత రాయైతే పొరలుంటాయి."

బాపు కొడవలి తెచ్చి ఓ మూల నుంచి గీకాడు. రెండు పొరలు లేవగానే, "ఇగ చాలు గద సార్, పాతదే" అన్నాడు.

"అడుగు దాకా కానివ్వండి."

సున్నం ఉల్లిపొరల్లా రాలి, అక్షరాలు బయటపడ్డాయి. అధికారి పైకి చదివాడు: గౌళీలు తమ పశువుల దాహానికి తవ్వించుకున్న బావి, పూజారి కాపలా.

పాలవాళ్ల పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బాపు కొడవలికి అంటిన సున్నం తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు.

ఆ సాయంత్రం మా వాకిట్లో బర్రెలు నీళ్లు తాగాయి. వాటిని చూస్తూ నాయనమ్మ నాతో మెల్లగా అంది: "అంకెల మీద సున్నం పడొద్దు, కింద మాత్రం మందంగ కొట్టాలె అనేటోడు మీ తాత. అదేం ఆచారమో నాకు ఇయ్యాల సమజైంది బిడ్డా."

తాత పోయాక ప్రతి ఉగాదికీ ఆ సున్నం కొట్టింది బాపే. ఆయనకు తెలియదనే నమ్మాలని నాకు ఇప్పటికీ ఆశ. కానీ రెండు పొరలకే చాలన్న ఆ మాట నన్ను నమ్మనివ్వదు.