కనకయ్య కాళ్ళు

మా ఆయన పేరు కనకయ్య. వయసు నలభై తొమ్మిది. పుట్టింది సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో, ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నది సూరత్‌లో, పాండేసరా పక్కన వడోద్‌లో. ఈ మనిషి జన్మలో పరుగెత్తి ఎరగడు. కళ్ళ ముందు బస్సు కదిలిపోతున్నా పరుగెత్తడు, ఇంకోటి వస్తుందిలే అంటాడు. అలాంటి మనిషి ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెంలో ఎందుకు దిగాడో చెబుతాను. నేను చెబుతుంటే మా అమ్మాయి సంధ్య రాస్తోంది. తెలుగు బడిలో చదువుకుంది కనుక నా మాటల్ని పుస్తకాల తెలుగులోకి మారుస్తానంది. సరే మార్చుకో, కోపం మాత్రం తగ్గించావంటే ఊరుకోనని చెప్పాను.

మరమగ్గాల షెడ్డులో పనంటే నడకే. మా ఆయనకు ఎనిమిది మగ్గాలు, వాటి మధ్య సన్నటి సందు. పోగు తెగితే మగ్గం ఆగిపోతుంది. ఆగిన మగ్గం దగ్గరికి వెళ్ళి, తెగిన కొసలు రెండూ పట్టుకుని ముడేసి, మళ్ళీ నడిపించాలి. అంతలో ఇంకోటి ఆగుతుంది. పన్నెండు గంటలూ ఇంతే. పోయినేడు సంధ్య తన ఫోను ఆయన జేబులో పెట్టి పంపింది. సాయంత్రం చూస్తే పద్దెనిమిది కిలోమీటర్లు అని చూపించింది.

"ఎహె, నీ ఫోను ఖరాబైంది బిడ్డా. ఆ సందులనే గద తిరిగింది" అని నవ్వాడాయన.

ఆయన నవ్వాడు గానీ, ఆ అంకెను నేను మనసులో పెట్టుకున్నాను.

ఆ ముడి సంగతి కూడా చెప్పాలి. పాత నేతగాళ్ళ ముడి అది. చూస్తుండగానే పడిపోతుంది, నువ్వుగింజంత ఉంటుంది. ఒకసారి బిగించాక విప్పడం ఎవడి తరమూ కాదు, కత్తిరించాల్సిందే. ఆ ముడిని మా ఆయన చాలామందికి నేర్పాడు. వాళ్ళలో ఒకడు శ్యాంసుందర్.

పదిహేడేళ్ళ వయసులో ఒక సంచీ పట్టుకుని వచ్చాడు వాడు. ఆరు నెలలు మా ఇంట్లోనే తిన్నాడు. "వదినె, ఇంకింత పప్పు ఎయ్యి" అని అడిగి మరీ తిన్నాడు. మా ఆయన వాడి వేళ్ళు పట్టుకుని ముడి నేర్పాడు. తర్వాత వాడికి గుజరాతీ వచ్చింది, షెడ్డు యజమాని సేఠ్ పక్కన నిలబడడం వచ్చింది, తొమ్మిదేళ్ళ కింద మాస్టర్ అయ్యాడు. షెడ్డుకంతటికీ పెద్ద అన్నమాట. ఆనాటి నుంచి నేను వాడికి వదినెను కాను. దారిలో ఎదురుపడితే ఫోను చూసుకుంటూ పోతాడు. పోనీ, నాకేం? కానీ దసరా వెళ్ళిన వారం వాడు చేసిన పనికి మాత్రం నా కడుపు ఇప్పటికీ మండుతోంది.

సేఠ్ మనిషికి పన్నెండు మగ్గాలు చేశాడు. అదే వారం శ్యాంసుందర్ ఎక్కడినుంచో చౌక దారం దింపాడు. పట్టుకుంటే తెగే దారం. ఒక పూట మా ఆయన మగ్గాలు ఒకేసారి ఐదు ఆగిపోయాయి. మనిషికి కాళ్ళు రెండే కదా! సేఠ్ వచ్చి చూశాడు. దారం గొడవ ఎక్కడ బయటపడుతుందోనని శ్యాంసుందర్ షెడ్డంతా వినేలా అరిచాడట.

"కాళ్ళు పోయినయ్ నీయి కనకయ్యా! పన్నెండు మగ్గాలు నీతోని గావు. ఇంటికాడ ఆడోళ్ళతోని కూసొని కండెలు చుట్టుకో, పో!"

నలభై మంది ముందు. నా చేతి అన్నం తిన్న నోటితో.

ఆ మాట మా ఆయనకంటే ముందే మిగతా షెడ్లకు చేరింది. ఉన్న పని పోయింది, ఇంకో మూడు చోట్ల అడిగాడు. మూడు చోట్లా ఒకటే జవాబు. "శ్యాంసుందర్ సాబ్ చెప్పిండు గద, కాళ్ళు పోయినయట." నేతగాడికి కాళ్ళు పోయాయన్న పేరు పడితే ఇంకేముంది? ఆయన గుమ్మంలో కూర్చుని తన కాళ్ళను చూసుకునేవాడు. పంచె పైకి లాగి, పిక్కలు పట్టుకుని, నిజంగానే పోయాయేమో అన్నట్టు చూసుకునేవాడు. అది చూసి నాకు ఏడుపు రాలేదు, పళ్ళు పటపటలాడాయి. ఈ మాటను వాడి నోటితోనే వెనక్కి తీసుకునేలా చేయకపోతే నా పేరు ఐలమ్మ కాదనుకున్నాను.

అప్పుడే గోడకు అంటించిన ఒక ప్రకటన కాగితం కనిపించింది. ప్రతి జనవరిలో సూరత్‌లోనే ఆల్థాన్ దగ్గర పరుగు పందెం పెడతారు, ఇరవై ఒక్క కిలోమీటర్లు. నాలుగేళ్ళుగా శ్యాంసుందర్ అందులో పరుగెత్తి, పతకం మెళ్ళో వేసుకున్న ఫోటోలు షెడ్డులో గోడకు తగిలించుకుంటాడు. ఆ రోజు సేఠ్ అక్కడ మజ్జిగ పంచుతాడు. షెడ్డువాళ్ళందరూ వెళ్ళి చివర్లో నిలబడి వాడికి చప్పట్లు కొట్టాలి. అందరూ ఉంటారు. నాకు కావలసింది కూడా అదే.

"సంధ్యా, మీ నాయిన పేరు ఎక్కియ్యి" అన్నాను.

ఆయన అదిరిపడ్డాడు. "నీకేమన్న పిస లేసిందా? నాకు ఉరుకుడు రాదు."

"ఉరుకుమని ఎవరన్నరు? నడువు. పన్నెండు మగ్గాలు ఆగినయనుకొని నడువు. వానికంటే ఒక్క అడుగు ముంగట ఉండు, సాలు."

"పోనీయ్యే. ఆడు పిల్లగాడు, ఏదో అన్నడు."

"ముప్పై ఆరేళ్ళ పిల్లగాడా! నువ్వు పోకుంటే నేను పోత. చీర ఎగజెక్కి నేనే ఉరుకుత!"

నేను అన్నంత పనీ చేస్తానని ఆయనకు తెలుసు. మర్నాడు పొద్దున్నే లేచాడు.

మొదటి రోజు వీధి చివరిదాకా పరుగెత్తి, కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. రెండో రోజు నడవమన్నాను. నడిచాడు గానీ, దేవుడా, ఇరవై అడుగులు వేయగానే గిరుక్కున వెనక్కి తిరిగేవాడు! ఇరవై ఆరేళ్ళు ఆ సందులో తిరిగి తిరిగి కాళ్ళకు తిన్నగా పోవడం తెలియదు. సంధ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నేను వెనకాలే నడుస్తూ, తిరిగినప్పుడల్లా "ముందుకు!" అని అరిచేదాన్ని. అరవక తప్పదు, మగ్గాల చప్పుడుకు ఆయన చెవులు తగ్గాయి. షెడ్డులో అందరి చెవులూ అంతే. వారం పట్టింది ఆ తిరుగుడు మానడానికి. నెల తిరిగేసరికి చిన్న చిన్న అడుగులతో, నడకా పరుగూ కాని ఒక తీరు పట్టుకున్నాడు. అలా ఎంతసేపైనా పోతాడు, ఒగర్చడు. కాళ్ళ వంక చూసుకోవడం కూడా మానేశాడు.

పందెం రోజు తెల్లారకముందే ఆల్థాన్ చేరాం. ఎటు చూసినా రంగురంగుల బట్టలు. మా ఆయనకేమో ఆదివారం సంతలో కొన్న గుడ్డ బూట్లు, పాత ప్యాంటు, చొక్కాకు పిన్నులతో గుచ్చిన నంబరు. శ్యాంసుందర్ మెరిసే బనియను వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షెడ్డువాళ్ళతో ఫోటోలు దిగుతున్నాడు. మమ్మల్ని చూశాడు.

"అరే కనకయ్యా, నీళ్ళు పంచనీకి వచ్చినవా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వబోతే మోచేత్తో ఒక పోటు పొడిచాను. "నవ్వకు. గుర్తు పెట్టుకో" అన్నాను.

పరుగు మొదలైంది. శ్యాంసుందర్ బాణంలా పోయాడు, మా ఆయన అందరికంటే వెనక పడ్డాడు. తర్వాత దారిలో జరిగింది ఆయన నాకు చెప్పిందే. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు.

పది కిలోమీటర్ల దాకా ముసలివాళ్ళు కూడా ఆయనకంటే ముందే ఉన్నారట. పన్నెండు తర్వాత ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. ఈయన అదే అడుగు, అదే తీరు. పదహారో కిలోమీటరు దగ్గర, కాలువ పక్క రోడ్డు మీద, శ్యాంసుందర్ అంచున కూలబడి కనిపించాడు. మొదట్లో గొప్పకు పోయి ఉరికినందుకు పిక్క పట్టేసింది. దానికి తోడు బూటు లేసు తెగిపోయింది. తడి చేతులతో పొట్టి కొసలు రెండూ పట్టుకుని లాగుతున్నాడు, ముడి పడడం లేదు. కుర్చీలో కూర్చుని తొమ్మిదేళ్ళయింది, వేళ్ళు ముడి మరిచిపోయాయి.

మీరైతే ఏం చేస్తారు? నేనైతే నవ్వుకుంటూ పోయేదాన్ని. ఈ మహానుభావుడు ఆగాడు!

"ఎందుకాగినవయ్యా?" అని తర్వాత తల బాదుకుంటూ అడిగాను.

"నేనాగలేదే, కాళ్ళే ఆగినయ్. పోగు తెగి ఆగిపోయినదాన్ని దాటిపోవుడు నాకు ఎన్నడు అలవాటు లేదు" అన్నాడు.

ఆగి, వంగి, ఆ రెండు కొసలు పట్టుకుని ముడేశాడు. పొట్టి కొసలు కదా, లాగితే ఊడొచ్చే పువ్వు ముడి వేయడానికి జాగా లేదు. పాత నేత ముడే వేసి బిగించాడు. శ్యాంసుందర్ లేచాడు. మా ఆయన ఇంకా మోకాళ్ళ మీద ఉండగానే, పక్కనుంచి కుంటుకుంటూ పరుగెత్తి పోయాడు. పోతూ పోతూ వెనక్కి చూసి, "జల్దీ రా కనకయ్యా, సాయంత్రమైతది!" అన్నాడు.

"గప్పుడు నాకు కోపమొచ్చిందే" అన్నాడు మా ఆయన. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

లేచాడు. ఇక అడుగుల తీరూ లేదు, ఏమీ లేదు. పళ్ళు బిగబట్టి పరుగెత్తాడు. జన్మలో మొదటిసారి నిజమైన పరుగు పరుగెత్తాడు. రెండు కిలోమీటర్లు వాడి మెరిసే బనియను మీదినుంచి చూపు తీయలేదట. పంతొమ్మిదో కిలోమీటరులో పక్కకు వచ్చాడు. వాడు మళ్ళీ పిక్క పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి మా ఆయన కాళ్ళు ఆగలేదు.

"శ్యామూ, కాళ్ళు పోయినయా?" అని అడిగి దాటేశాడు.

చివర్లో మేమందరం తాళ్ళకు ఇటు పక్కన నిలబడి ఉన్నాం. షెడ్డువాళ్ళు శ్యాంసుందర్ కోసం చేతులు లేపి సిద్ధంగా ఉన్నారు. మలుపు తిరిగి వచ్చింది పాత ప్యాంటు. "నాయినా!" అని సంధ్య కేక పెట్టింది. లేపిన చేతుల్ని ఏం చేయాలో వాళ్ళకు కాసేపు తెలియలేదు. ఇంతలో ఓంప్రకాష్ అనే ముసలి నేతగాడు చప్పట్లు మొదలుపెట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. సేఠ్ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

శ్యాంసుందర్ వచ్చేసరికి ఇంకో పద్నాలుగు నిమిషాలు పట్టింది. రాగానే నేల మీద కూలబడి బూటు పట్టుకుని అరవడం మొదలుపెట్టాడు. పాదం ఉబ్బింది, ముడి బిగిసింది. వాడు లాగాడు, పక్కవాళ్ళు లాగారు, ఒకడు పళ్ళతో కూడా చూశాడు. ఎక్కడ వస్తుంది! మందుల డేరా అటు చివర ఉంది, అక్కడికి పోవాలన్నా ఆ బూటుతోనే నడవాలి.

నేను ఇంట్లో చీరల దారాలు కత్తిరించే పని చేస్తాను. చిన్న కత్తెర తాడు కట్టి ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది. వెళ్ళి వాడి ముందు కూర్చుని, కత్తెర తీసి చూపించాను.

"ఆడోళ్ళ పని అన్నవు గద. ఇగో, ఆడోళ్ళ కత్తెర. కోస్త. గని ముందుగాల ఒక్క మాట చెప్పు. ఎవరి కాళ్ళు పోయినయ్?"

మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. "ఇడిసిపెట్టే, నొస్తుంది ఆనికి." ఆయన చేయి తోసేశాను. మూడు నెలలు నొచ్చింది మాకు, వాడికి మూడు నిమిషాలు నొస్తే ఏం?

"వదినె... జర కొయ్యి వదినె" అన్నాడు. తొమ్మిదేళ్ళకు గుర్తొచ్చాను!

"మాట చెప్పు."

తల దించుకుని గొణిగాడు. "కనకన్న కాళ్ళు మంచిగున్నయ్."

"వినబడలే. మగ్గాల కాడ పనిచేసేటోళ్ళం, మాకు చెవులు తక్కువ. గట్టిగ చెప్పు."

"కనకన్న కాళ్ళు మంచిగున్నయ్!"

"మరి ఆ పూట ఐదు మగ్గాలు ఎందుకాగినయ్?"

సేఠ్ దగ్గరికి వచ్చాడు. షెడ్డంతా చుట్టూ నిలబడింది. మా భాష సేఠ్‌కు రాదు గానీ, రెండు భాషలూ తెలిసిన ఓంప్రకాష్ పక్కనే ఉన్నాడు, ఒక్కొక్క మాటా హిందీలో చెబుతున్నాడు. శ్యాంసుందర్ నన్ను చూశాడు, కత్తెరను చూశాడు, పాదాన్ని చూశాడు.

"దారం... దారం కచ్చాది."

"వినబడలే!"

"దారం కచ్చాది! నేనే తెచ్చిన! కనకన్న తప్పేం లేదు!" అని అరిచాడు. ఓంప్రకాష్ అదే మాటను ఇంకా గట్టిగా హిందీలో అరిచాడు.

అప్పుడు కోశాను.

సోమవారం సేఠ్ మనిషిని పంపి పిలిపించాడు. అంతకు ముందే ఇంకో రెండు షెడ్ల నుంచి పిలుపు వచ్చింది. మా ఆయన ఆ రెండింట్లో ఒకదానికి పోయాడు, అక్కడ ఎనిమిది మగ్గాలే. పతకాన్ని మాత్రం గుమ్మంలో, ఆయన కూర్చుని కాళ్ళు చూసుకున్న చోట, నేనే మేకు కొట్టి తగిలించాను.

ఆ రోజు ఆల్థాన్ నుంచి తిరిగి వస్తూ ఆటోలో ఆయన నా చెవి దగ్గర అరిచాడు.

"ఆడు మెల్లగ చెప్పింది నాకే ఇనబడ్డదే. నీకు మొదటిసారి నిజంగ ఇనబడలేదా?"

"మంచిగ ఇనబడ్డది" అన్నాను.