మొదటి బంతిలో ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ అరిగిపోయిన వస్తువు రేకు ట్రంకు. మూలలు సొట్టలు పడి, గొళ్లెం ఊడి, తాడుతో బిగించి కట్టేవాళ్లం. మా నాన్నకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కురుపాంలో టీ కొట్టు పెట్టాడు. ఎదురుగా ఇంకొకడు కొట్టు తెరిచేసరికి అలిగి మూసేశాడు. డొంకరాయిలో ఆనకట్ట పని జరిగినన్నాళ్లూ కూలీలకు మెస్సు నడిపాడు. పని ముగిసింది, తినేవాళ్లు వెళ్లిపోయారు, మేమూ ట్రంకు కట్టుకున్నాం. కాలు కాలిన పిల్లి అని అమ్మ అనేది, ఆయనకు వినపడేటట్టే. బళ్లో నా పేరు రాయించిన చోటల్లా అది కొట్టివేయడం కూడా నేనే చూశాను. అందుకని ఏ ఊళ్లోనూ నేను ఎవరితోనూ గట్టిగా స్నేహం చేసేదాన్ని కాదు. ఎలాగూ వదిలేసి వెళ్లేదే కదా అనిపించేది.

ఆఖరికి అరకు లోయలో సంత జరిగే ఊరు చేరాం. స్టేషన్‌కు వెళ్లే దారిలో రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని, ముందు భాగంలో భోజన హోటల్, వెనక భాగంలో మా కాపురం పెట్టాడు నాన్న. ఇక్కడా నిలవకపోతే పార్వతీపురంలో మా మేనమామ ఇంట్లో చేరడం తప్ప దారి లేదని అమ్మ ముందే తేల్చి చెప్పేసింది. మేనమామ చెడ్డవాడేమీ కాదు. కాని నాన్నను ఆరంభశూరుడు అని పదిమందిలో నవ్వేవాడు. ఆ ఇంటి అరుగు మీద నాన్న తలవంచుకుని కూర్చోవడం నేను చూడదలుచుకోలేదు.

మా షెడ్డుకు పక్కిల్లు ఒక ముసలామెది. కొండ మనిషి. నేను ఆమెను మామ్మా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను గుంటా అనేది, ఆడపిల్లను అక్కడ అలాగే పిలుస్తారు. రెండిళ్లకూ మధ్య గోడ అంటే వెదురు తడకే. వాళ్లింట్లో దగ్గితే మాకు వినపడేది, మా ఇంట్లో తిట్టుకుంటే వాళ్లకు వినపడేది. మామ్మ అడవి నుంచి అడ్డాకులు తెచ్చి, సన్నటి పుల్లలతో గుచ్చి విస్తళ్లు కుట్టేది. నేను పక్కన కూర్చుంటే నా చేతికీ నాలుగు ఆకులిచ్చేది. నేను కుట్టినవి వంకరగా వచ్చినా పారేయకుండా అడుగున పెట్టేది. ఈ ఊరు మాత్రం వదలకూడదని నాకు మొదటిసారి అనిపించింది ఆ ఆకుల దగ్గరే. దాంతో నా మనసు కుదుటపడే బదులు ఇంకా గాభరా పట్టుకుంది. పోతుందేమోనన్న భయం అప్పటిదాకా నాకు తెలియదు మరి.

హోటల్ తెరిచే రోజున మొదటి బంతి వీధి వాళ్లందరికీ ఊరికే పెట్టాలని నాన్న నిర్ణయించాడు. వీధి తింటే ఊరు తింటుంది, ఊరు తింటే సంతకొచ్చేవాళ్లంతా తింటారు, అదీ ఆయన లెక్క. ఇంటింటికీ వెళ్లి పిలిచాడు. వేసవి మొదలు. కొండ మీద మామిడి ఇంకా పిందెలే. అందరికీ కొత్త రుచి చూపిద్దామని పార్వతీపురం నుంచి ఒక గంప పుల్లమామిడి కాయలు బస్సులో తెప్పించాడు. ముందురోజు సాయంత్రం గంప దిగాక ఆయన ముఖం చూడాలి. ఆ కాయలు ఆయనే కాసినట్టు మురిసిపోయాడు. అమ్మ మామిడికాయ పప్పు, మామిడి పులిహోర, మామిడి పచ్చడి చేసింది. చారొక్కటే చింతపండుది.

ఆ ఉదయం నేను ఒకచోట కూర్చోలేకపోయాను. వాకిట్లోకి, వంటింట్లోకి, మళ్లీ వాకిట్లోకి తిరిగాను. నాన్నదీ అదే వరస. బల్లలు తుడిచినవే తుడిచాడు. పులిహోర కలిపి పెట్టిన పళ్లెంలో వేరుశనగపప్పులు ఎర్రగా కనిపిస్తే, తిరిగి తిరిగి ఒకసారి చెయ్యి పెట్టాను. అమ్మ ఆ చేతిమీద చెళ్లున ఒక్కటిచ్చింది.

“దేవుడికి పెట్టకుండా ఏటే ఆ తొందర! నోరు కట్టుకోలేవేటి?” అని అరిచింది. తర్వాత పటం ముందు పెట్టి, దీపం వెలిగించి, అప్పుడు నాకు గుప్పెడు పెట్టింది. తడక అవతల పుల్లలు విరిచే చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. మగవాళ్లు తుండుగుడ్డలు దులుపుకుని, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, వరసగా చాపల మీద కూర్చున్నారు. మామ్మ గుమ్మం పక్కన కూర్చుంది. ఆమె కుట్టిన విస్తళ్లే వేశాం. నేను నీళ్లు పోశాను, అమ్మా నాన్నా వడ్డించారు. పచ్చడి, పులిహోర, అన్నం, అన్నం మీద పప్పు. మామిడి వాసన షెడ్డంతా నిండింది. “అడగందే అమ్మయినా పెట్టదు, ఏటి కావాలన్నా అడగాలి మరి!” అని నాన్న అందరినీ హుషారు చేస్తూ తిరిగాడు. అది ఆయన ఊతపదం, డొంకరాయి మెస్సు నుంచీ ఉన్నదే.

ఎవరూ చెయ్యి పెట్టలేదు.

పెద్దవాళ్లు మొదలుపెట్టాలని చూస్తున్నారేమో అనుకున్నాం. పెద్దవాళ్లూ కదల్లేదు. ఒకాయన గ్లాసెత్తి నీళ్లు తాగి దించాడు. ఒక చంటిపిల్ల పప్పులో వేలు ముంచబోతే తల్లి ఆ చెయ్యి పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. అందరూ విస్తరి వంక చూస్తున్నారు, ఒకరి వంక ఒకరు చూస్తున్నారు, మా వంక మాత్రం చూడటంలేదు. తినలేరు, తినలేమని చెప్పలేరు. శుభమా అని పిలిచి పెట్టినవాడి ముఖాన వద్దని ఎలా అంటారు? ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు కనిపించింది మా నాన్న ముఖం ఒక్కటే. నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం ఎవరో దీపం తీసేశారు.

ఆయన గబగబా వంటింట్లోకి వచ్చాడు. “మన సేతి కూడు ఈళ్లకి పనికిరాదంట. సూసినావా?” అన్నాడు అమ్మతో. అమ్మ గరిటె కింద పెట్టేసింది. “పిలిసి పెడితే ముట్టరేటి! ఇంకేటి సేత్తాం ఇక్కడ?” అంటూ నావైపు తిరిగి, “గుంటా, ఆ ట్రంకు ఇలా దించు” అన్నాడు. నేను దించలేదు. ఆయనే అటక మీంచి లాగాడు. రేకు ట్రంకు చెక్కమీద గీసుకుంటూ జారిన చప్పుడు బయటి వాళ్లందరికీ వినపడే ఉంటుంది. నాకైతే ఆ చప్పుడు పళ్లలోకి దిగింది. ఏడుపు వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే మామ్మ గొంతు గట్టిగా వినిపించింది. “గుంటా! ఉప్పట్రా! విస్తట్లో ఉప్పెయ్యనేదు మీవోళ్లు!”

ఉప్పు కూడా సరిపోలేదంటున్నారని నాన్న ఇంకా మండిపడ్డాడు. అమ్మ ఉప్పు గిన్నె నా చేతిలో పెట్టింది. కళ్లు తుడుచుకుంటూ మామ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె నా మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి చాలా మెల్లగా అడిగింది.

“పొద్దున్న మీయమ్మ నిన్నెందుకు కొట్టింది?”

ఆ సమయంలో ఆ మాట ఎందుకో నాకు అర్థం కాలేదు. దేవుడికి పెట్టకుండా చెయ్యి పెట్టానని చెప్పాను.

“మరదే. మా దేవతకి ఇంకా పెట్టనేదు గుంటా. మామిడి కొత్త అవ్వనిదే మేం కాయ ముట్టం. ఎక్కడి కాయైనా ముట్టం. ఎల్లు, మీ నాన్న సెవిలో సెప్పు. బేగెల్లు. గట్టిగా సెప్పకు, పదిమందిలో ఆయన సిన్నబోకూడదు.”

కొండల్లో ప్రతి పంటకూ ఒక కొత్త ఉంటుంది. చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, మామిడి కొత్త. పంట వచ్చాక ముందు దేవతకు పెడతారు, పోయిన పెద్దలకు పెడతారు, ఆ తర్వాతే మనుషులు నోట పెట్టుకుంటారు. ఏ రోజన్నది దిసారి చెబుతాడు. ఊరికి మంచిరోజులు చూసే పెద్దాయన్ని అలా అంటారు. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నాను. ఆ పూట నాకు తెలిసిందల్లా ఒక్కటే. వీళ్లెవరికీ మా మీద కోపం లేదు. వీళ్లందరి చేతుల మీదా చిన్నప్పుడు ఎవరో మా అమ్మలాగే ఒక దెబ్బ కొట్టి ఉంటారు, అంతే.

పరుగున వెళ్లాను. నాన్న ట్రంకు ముందు గొంతుక్కూర్చుని తాడు చిక్కు విప్పుతున్నాడు. చెవిలో చెప్పాను. ఆయన అర్థంకానట్టు చూశాడు. నేను నా చేతి వెనక భాగం చూపించి, “ఆళ్ల దేవుడికి ఇంకా పెట్టలేదు నాన్నా” అన్నాను. ఆయన నా చెయ్యి చూశాడు, దేవుడి పటం చూశాడు, దాని ముందు ఉన్న పులిహోర పళ్లెం చూశాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. ఏడుపూ నవ్వూ రెండూ అనుకుంటాను. “అడగందే అమ్మయినా పెట్టదని ఊరంతటికీ సెప్తావు. ఓ మాట అడగలేకపోయావు” అంది.

నాన్న తాడు వదిలేశాడు. ముఖం కడుక్కుని బయటికి వచ్చి, బంతి మధ్యలో నిలబడి చేతులు జోడించాడు. “తప్పు నాది. ఈ వీదిలో ఉంటూ ఈ వీది పద్దతి అడగనేదు. కొత్త అయ్యేదాకా ఈ పొయ్యిమీదా మామిడెక్కదు” అన్నాడు. పదిమందిలో చిన్నబోకూడదని మామ్మ అంత జాగ్రత్తగా నా చెవిలో చెప్పి పంపిస్తే, ఆయనే వచ్చి అందరి ముందూ చెప్పేశాడు. వింతేమిటంటే, ఆయన చిన్నబోలేదు. మా నాన్న అంత పొడుగ్గా ఉంటాడని నాకు అప్పుడే తెలిసింది.

ఆ విస్తళ్లు తీశాం. మామిడి వంటలన్నీ స్టేషన్ దగ్గర పనిచేసే, మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కూలీలకు పంపించాడు నాన్న. వాళ్లకు ఆరోజు పండగే. మళ్లీ కొత్త విస్తళ్లు వేశాం. చివరికి ఆకులు చాలక, అడుగున ఉన్న నా వంకర విస్తళ్లు కూడా వచ్చాయి. గంగాళంలో మిగిలిన ఉత్త అన్నం, చింతపండు చారు. అంతకంటే ఏమీ లేదు.

మామ్మ తన విస్తట్లో చిటికెడు ఉప్పు వేయించుకుని, అన్నం ముద్దలో అద్ది, అందరికంటే ముందు నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, అప్పుడు నాన్న వైపు చూసింది. “ఈ ఇంటి ఉప్పు తిన్నాను బాబూ. ఈళ్లంతా తింతారు. ఇంక నువ్వెక్కడికీ ఎల్లడానికి నేదు. ఆ పెట్టె మళ్లా పైకెక్కించీ” అంది.

బంతంతా ఒక్కసారి నవ్వింది. ఆ తర్వాత అటూ ఇటూ చేతులు చాచి, “గుంటా, ఇటు ఉప్పు”, “ఇటేయ్” అని పిలిచారు. నేను గిన్నె పట్టుకుని వరస పొడుగునా తిరిగాను. పొద్దుటి నుంచీ నా కాళ్లకున్న గాభరా ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

కొన్నాళ్లకు మామిడి కొత్త అయింది. డప్పులు మోగినరోజు మామ్మ రెండు కాయలు కొంగులో పెట్టుకొచ్చి అమ్మ చేతికిచ్చింది. ఆ మధ్యాహ్నం మా హోటల్లో మామిడికాయ పప్పు అడిగి అడిగి వేయించుకున్నారు. ట్రంకు మళ్లీ కిందికి దిగింది గాని, తాడు కట్టడానికి కాదు. బియ్యం పోసుకోవడానికి. నా పెళ్లయ్యేదాకా అది అలాగే ఉంది. ఇక్కడి బడిలోనే నేను చదువు పూర్తిచేశాను, ఈ ఊళ్లోనే ముసలిదాన్నయ్యాను.

ఈ వేసవిలో మా వీధిలోనే ఒక రెస్టారెంట్ తెరిచారు. తెరిచింది మా మనవరాలే. చెట్టుకు దీపాలు, ఫోన్‌లో చూసుకునే మెనూ, కాఫీ ఒక్కటే ఎన్ని రకాలో. మంచి పిల్లే గాని ముత్తాత పోలిక, ఒకచోట కూర్చోదు. మొదటిరోజు ఒక మూల బల్ల దగ్గర పెద్దవాళ్లిద్దరు పళ్లెం ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చున్నారు. మనవరాలు నా దగ్గరకొచ్చి, “నచ్చలేదేమో మామ్మా, తీసేయమంటావా?” అంది. నవ్వు ముఖమ్మీద అలాగే ఉంది, కళ్లలో దీపం లేదు. ఆ ముఖం నాకు తెలుసు.

ముట్టని పళ్లెం కనిపిస్తే ఈ వయసులోనూ నాకు రేకు ట్రంకు చెక్కమీద జారిన చప్పుడు వినపడుతుంది. మనవరాల్ని ఆగమని, ఉప్పు గిన్నె చేత్తో పట్టుకుని వాళ్ల దగ్గరకు వెళ్లాను. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏమ్మా, మీదే ఊరు?” అని అడిగాను.