అత్తకి పెట్టిన బ్లూబెర్రీ పాకం

నేను ఒక గిన్నెడు పండ్ల పాకం వండి మా బంధువులందరినీ ఏడిపించాను. రుచి బాగోలేక ఏడ్చారనుకునేరు. చాలామంది దాన్ని చూడకుండానే ఏడ్చారు. పర్చూరులో ఒకావిడ కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి కారెక్కింది. ఒంగోల్లో మా బాబాయి పూలదండ కొన్నాడు. పండ్లూ పంచదారా కలిస్తే ఇంత అనర్థం ఎలా జరుగుతుందని మీరు అడగొచ్చు. వండినవాడు నాలాంటివాడైతే జరుగుతుంది.

మా పెద్దత్త పేరు సీతారావమ్మ. మా నాన్నకి అక్క. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆమే. పర్చూరు దగ్గర పల్లెలో మిరప చేను చేయించేది. పిల్లల్లేరు. మామయ్య నేను కాలేజీలో ఉండగానే పోయాడు. అన్నంలో పండుమిరప పచ్చడి ఎర్రగా కలుపుకుని, అది చాల్లేదన్నట్టు పక్కన ఎండుమిరపకాయ వేయించుకుని కొరుక్కునే మనిషి. ఆమె తింటుంటే చూసేవాళ్ళకి చెమట్లు పట్టేవి, ఆమెకి పట్టేవి కావు.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో చూపిస్తే క్యాన్సర్ అన్నారు. నేనప్పటికి గుంటూరులోనే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తూ, పెళ్ళీ పెటాకులూ లేకుండా రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఆమెని తెచ్చి నా దగ్గరే పెట్టుకుని రేడియేషన్ ఇప్పించాను. గడ్డ తగ్గింది గానీ నోరంతా పూసింది. మంచినీళ్ళు తాగినా నిప్పు మింగినట్టుందనేది. కారం ముట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. పులుపు వద్దన్నారు, ఉప్పు కూడా చూసుకుని వేయమన్నారు. ఇక మిగిలిందేముంది? మెత్తన్నం, పెరుగు, సగ్గుబియ్యం జావ. గిన్నె ముందు పెడితే ఆమె దానివంక చాలాసేపు చూసేది.

"మీ మామయ్య పోయినప్పుడు కూడా నేను తెల్లచీర కట్టలేదు. ఇప్పుడు నా నోటికి కట్టించావేంట్రా" అంది ఒకరోజు.

సాయంత్రం నేను ఇంటికి రాగానే చొక్కా మార్చుకోనిచ్చేది కాదు. కాసేపు పక్కన కూర్చోమనేది. బట్టలకి పట్టిన మిరప ఘాటుకి తుమ్మేది, కళ్ళు తుడుచుకునేది, ఏ రకం కాయ వచ్చిందో అడిగేది. ఆ కళ్ళనీళ్ళు ఘాటుకేనా అని నేనెప్పుడూ అడగలేదు. చిక్కిన ఆమె చేతులకి గాజులు మోచేతి దాకా జారిపోతుండేవి.

ఆసుపత్రిలో ఏం తినాలో చెప్పే అమ్మాయి ఒకతి ఉంది. నా మొహం చూసి జాలిపడి, బ్లూబెర్రీ కాంపోట్, అంటే పండ్ల పాకం, చేసి చల్లగా పెట్టి చూడండి, నిమ్మరసం మాత్రం వేయకండి అంది. నేనా పేరు బట్టీపట్టుకుంటూ ఇంటికొచ్చి గొప్పగా ప్రకటించాను. అత్త చెవిలో మిషన్ సర్దుకుని మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"కంపోస్టు చేనుకి వేస్తార్రా, మనుషులకి పెట్టరు" అంది.

బ్లూబెర్రీలంటే మనకి అలవాటు లేని పండ్లు. సూపర్‌మార్కెట్‌లో చల్లటి అరలో, చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో, మందుబిళ్ళల్లాగా కూర్చుని ఉంటాయి. నేరేడు పండుకి జబ్బుచేసి చిక్కిపోతే అలా ఉంటుంది. తెచ్చి, కడిగి, గిన్నెలో పోసి, పంచదార వేసి పొయ్యి మీద పెట్టాను. ఫోన్‌లో ఒకమ్మాయి చాలా సులువంటూ చేసి చూపిస్తోంది. పాకం అన్నారు కాబట్టి, అరిసెల పాకం మా అత్త ఎలా చూసేదో గుర్తు తెచ్చుకుని, నీళ్ళలో చుక్క వేసి ఉండ కట్టేదాకా మరిగించాను. ఉండ భేషుగ్గా కట్టింది. చల్లారాక గిన్నె బోర్లిస్తే పాకం రాలేదు. గరిట నిలువునా దిగబడిపోయి గుడి ముందు ధ్వజస్తంభంలా నిలబడింది. ఆ గిన్నెనీ గరిటనీ విడదీయడం ఇప్పటికీ ఎవరివల్లా కాలేదు.

రెండోసారి బుద్ధిగా చేశాను. పండ్లు మునగకుండా కాసిని నీళ్ళు పోసి, పంచదార తగ్గించి, సన్నటి సెగ మీద పెట్టాను. కొన్ని పండ్లు చిట్లి రసం ఊరింది. కొన్ని ఇంకా గుండ్రంగా ఉన్నాయి. పల్చగా ఉందే అని భయం వేస్తున్నా దించేశాను. చల్లారేసరికి అదే చిక్కబడింది. యాలకుల పొడి చిటికెడు వేశాను. రంగు మాత్రం చెప్పలేను. సిరాబుడ్డీ, వంకాయా కలిసి పిల్లని కంటే ఆ రంగులో ఉంటుంది.

అత్త చెంచా వాసన చూసి తల తిప్పేసుకుంది. ఈ సిరా నేను తాగను, కావాలంటే ఉత్తరాలు రాసుకో అంది. బతిమాలాను. గోడవైపు తిరిగి పడుకుంది. నాకు కోపం రాలేదుగానీ చాలా నీరసం వచ్చింది. ఎవరికోసం చేస్తున్నానో ఆ మనిషికే బతకాలని లేకపోతే నేనేం చేసేది? పాకాన్ని స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మామూలుగా పనికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. మంచి ఎండాకాలం. గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. కూలర్ హోరుమంటోంది. అత్త వెల్లకిలా పడుకుని ఉంది. అత్తా అని పిలిచాను. పలకలేదు. దగ్గరకెళ్ళి చూస్తే పెదాలు నల్లగా, నీలంగా ఉన్నాయి. చేతివేళ్ళ కొసలూ అలాగే ఉన్నాయి.

ఇక్కడ నా తరఫున ఒక మాట చెప్పుకోవాలి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు గారు, పెదాలూ గోళ్ళూ నీలంగా మారితే ఊపిరి అందడం లేదని అర్థం, క్షణం ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పారు. ఆ నీలం కోసం నేను రోజూ భయంభయంగా చూస్తూనే ఉన్నాను. చివరికి అది వచ్చేసింది. భుజం పట్టుకుని కుదిపాను. కదల్లేదు. చేయి పట్టుకుంటే కూలర్ గాలికి చల్లగా ఉంది. నాడి ఎక్కడ చూడాలో తెలియక మణికట్టంతా తడిమాను, ఏమీ దొరకలేదు. చెవి మిషన్ తీసి దిండు కింద పెట్టుకుని, నొప్పి బిళ్ళ వేసుకుని పడుకుంటే ఆమె తల పక్కన బాణసంచా కాల్చినా లేవదన్న సంగతి నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు తెలిసినవేవీ నా దగ్గర లేవు.

నా కేక విని పక్క ఫ్లాట్ కోటేశ్వరమ్మ గారు పరిగెత్తుకొచ్చారు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. కూలర్ గాలి తప్ప ఆవిడ వేలికి ఇంకేమీ తగిలి ఉండదు. పుణ్యాత్మురాలు, నిద్రలోనే దాటిపోయిందయ్యా అని కళ్ళొత్తుకున్నారు. అంబులెన్సు మాట ఇద్దరికీ తోచలేదు. నేను గోడకి చేరబడి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో "పెద్దత్త ఇక లేదు" అని పెట్టాను. పెళ్ళిరోజు శుభాకాంక్షలకి రెండ్రోజులకి గానీ జవాబివ్వని మా వాళ్ళు, దండం పెట్టే బొమ్మలతో ఫోన్ నింపేశారు. ఒంగోలు బాబాయి ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేశాడు.

ఆలోగా కోటేశ్వరమ్మ గారు మంచం మీద ఉంచకూడదు, కింద పడుకోబెట్టాలి, కాళ్ళు పట్టు అన్నారు. పట్టుకున్నాను. ఆ కాళ్ళు నన్ను తన్నాయి.

"కాళ్ళు వదలరా వెధవా, చక్కిలిగింతలు" అంటూ అత్త కళ్ళు తెరిచింది. నన్నూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న కోటేశ్వరమ్మ గారినీ మార్చి మార్చి చూసి, మిషన్ వెతికి చెవిలో పెట్టుకుని, "ఎవర్రా పోయింది?" అంది.

"నువ్వే అత్తా" అన్నాను.

నిజం ఆమె నోటితోనే బయటపడింది. నేను వెళ్ళాక ఆకలేసిందట. ఊరికే ఎలా ఉందో చూద్దామని వేలు ముంచి నాకిందట. చల్లగా ఉందట, మంటపెట్టలేదట. వేళ్ళతోనే డబ్బా ఖాళీ చేసి, ముందు రోజు అన్న మాటలకి సిగ్గేసి, దాన్ని కడిగి, బోర్లించి, ఏమీ ఎరగనట్టు పడుకుందట. రేడియేషన్ మొదలయ్యాక ఆమె ఒక గిన్నె పూర్తిగా తినడం అదే మొదటిసారి. నేను మంచంపక్కన చతికిలబడి మళ్ళీ ఏడ్చాను. బతికున్నానని చెప్పాక కూడా ఏడుస్తావేంట్రా అని విసుక్కుంది.

తర్వాత గ్రూపులో ఏం రాశారో చదవమంది. అన్నపూర్ణ అన్నారు, పెద్దదిక్కు అన్నారు, ఆ చేతి వంట మళ్ళీ దొరకదన్నారు. మళ్ళీ చదవమంది. చదివాను. ఇంత మంచిదాన్నని వీళ్ళకి తెలిసీ ఇన్నాళ్ళూ ఎలా దాచుకున్నార్రా అని ఆశ్చర్యపోయింది. నేను వరసగా ఫోన్లు చేసి తిట్లు తిన్నాను. బాబాయి అప్పటికే చిలకలూరిపేట దాటేశాడు. ఎలాగూ దండ కొన్నాను కదా, వస్తున్నానన్నాడు. ఆ దండ చివరికి మా ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటానికి పడింది.

ఒక్క మనిషికి మాత్రం ఫోన్ అందలేదు. పర్చూరులో ఉండే చిన్నత్త, రాజ్యలక్ష్మి. పెద్దత్తకి సొంత చెల్లెలు. వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. చిన్నత్త కూతురి పెళ్ళికి పెద్దత్త పండుమిరప పచ్చడి పట్టి పంపింది. మగపెళ్ళివారి ముందు చిన్నత్త ఉప్పు ఎక్కువైందని అంది. అంతే. జబ్బు సంగతి తెలిసి కూడా ఆమె రాలేదు. రమ్మని ఈమె అడగలేదు.

సాయంత్రం మెట్ల మీద ఏడుపు వినిపించింది. పెద్దత్త గొంతు గుర్తుపట్టింది. నోరెత్తితే చంపుతానన్నట్టు మాకు వేలు చూపించి, దుప్పటి మెడదాకా లాక్కుని కళ్ళు మూసుకుంది. పెదాల నీలం ఇంకా వదల్లేదు. నేను ఆపాల్సింది. ఆపలేదు. చిన్నత్త కొంగుతో మొహం కప్పుకుని వచ్చి మంచం మీద పడిపోయింది.

"అక్కా, ఉప్పు సరిగ్గానే ఉందే. అందరూ నీ పచ్చడినే పొగుడుతుంటే ఓర్వలేక అన్నానే. ఆ మాట నీకు చెప్పకుండానే వెళ్ళిపోయావే."

పెద్దత్త కళ్ళు తెరవలేదు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు చెవుల మీదికి కారాయి.

"ఆ ముక్క అప్పుడే చెబితే పోయేదిగా" అంది.

చిన్నత్త కెవ్వుమని లేచి, సంగతి తెలుసుకుని, ముందు నన్ను రెండు వేసింది. చచ్చావంటే వచ్చాను, లేకపోతే వచ్చేదాన్నా అని అక్క మీద అరిచింది. అరుస్తూనే పక్కన కూర్చుని, జారిన గాజుల్ని మణికట్టుదాకా సర్దింది. అవి మళ్ళీ జారాయి. అప్పుడిక అరవలేదు.

చావుకొచ్చిన వాళ్ళకి ఏం పెట్టాలో మాకు తెలుసు. చావు జరగకపోతే ఏం పెట్టాలో తెలియదు. ఇంట్లో దోసెల పిండి ఉంది, ఇంకో డబ్బా బ్లూబెర్రీలున్నాయి. మళ్ళీ పాకం కాచాను. చిన్నత్త దోసెలు పోసింది. వేడి దోసె మీద వెన్న రాసి పాకం వేసుకుంటే బాగుందని బాబాయి మూడు తిన్నాడు. కోటేశ్వరమ్మ గారు బ్రెడ్డు మీద రాసుకున్నారు. పెద్దత్తకి మాత్రం చిన్నత్త మీగడపెరుగు గిలక్కొట్టి, మధ్యలో గుంట చేసి, అందులో పాకం పోసి చెంచాతో తినిపించింది. ఆ రాత్రి అందరి నాలుకలూ నీలమే.

చిన్నత్త తిరిగి పర్చూరు వెళ్ళలేదు. నా వంటింటిని స్వాధీనం చేసుకుంది. పాకంతో సేమియా చేసింది, మెత్తటి ఇడ్లీ తుంచి అందులో నాన్చి పెట్టింది, నేరేడు పండ్లొచ్చాక గింజలు తీసి వాటితోనూ కాచింది. కొంచెం వగరుగా ఉన్నా మన పండు మన పండేనని పెద్దత్త తినేది. ఇద్దరూ చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటూ నవ్వుకునేవాళ్ళు. నేను తేరుకుంటుందనే అనుకున్నాను. కానీ గడ్డ మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టరు గారు ఏ తిండీ వద్దనలేదు, ఏం అడిగితే అది పెట్టండన్నారు. ఆ మాటకి అర్థం నాకూ చిన్నత్తకీ తెలిసింది, పెద్దత్తకి చెప్పలేదు. ఆమెకీ తెలుసు, మాకు చెప్పలేదు.

ఊళ్ళో మిరపనారు నాటుతున్న రోజుల్లో, ఒక ఉదయం, చిన్నత్త జడ వేస్తుండగా పెద్దత్త తల వెనక్కి వాలింది. చిన్నత్త జడ సగంలో ఆపలేక చివరిదాకా అల్లేసి, అప్పుడు నన్ను పిలిచింది. ఈసారి అంబులెన్సుని పిలిచాను. డాక్టరు గారు చూశారు. ఆయన చెప్పాక కూడా ఇంకోసారి చూడమని అడిగాను. ఆయన కాదనకుండా చూశారు.

బాబాయికి ఫోన్ చేశాను. ఒరేయ్, మూతి కడిగి చూశావా అన్నాడు.

"కడిగాను బాబాయ్" అన్నాను.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మా ఇంట్లో ఎవరు కళ్ళు మూసుకుని పడుకున్నా, ముందు తడిగుడ్డతో మొహం తుడుస్తాను. చెవిలో మిషన్ పెట్టి పిలుస్తాను. కాళ్ళు పట్టుకుని చక్కిలిగింతలు పెడతాను. లేచి తిట్టేదాకా కూర్చుంటాను. తిట్టకపోతే ఇంకాసేపు కూర్చుంటాను. ఫోన్ మాత్రం నేను చేయను. అది ఇంకెవరైనా చేసుకోండి.