ఇసోలీనా నాటు తలలు

మా శాన్ పోలో కొండమీద ఐరిస్ పూలను చూసి మురిసేది ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళే. మాకు అసలు పని పువ్వు వాడిపోయాకే. మూడేళ్ళు పెరిగిన దుంపను జులైలో తవ్వి, ఆకుల మొదట్లో బొటనవేలంత ముక్క కోసి పక్కన పెడతాం. దాన్నే తల అంటాం. మళ్ళీ నాటేది దాన్నే. మిగతా దుంపను నానబెట్టి, తొక్క చెక్కి, సెంటు వ్యాపారుల కోసం ఎండబెడతాం.

ఇసోలీనా మా పక్కింటిది. ఆమెలా తొక్క తీసేవాళ్ళు ఈ కొండమీద లేరు. నోరూ అంతే, దుంపలు చెక్కుతూనే ఊరందరినీ చెరిగిపారేసేది. తలలు కోసేది మాత్రం ఆమె మొగుడు. ఒరెస్తే అతని పేరు. "నీ చేతికిస్తే నాటడానికి కూడా మిగల్చవే," అని ఆటపట్టించేవాడు. ఈ మే నెలలో, చేనంతా పూసి ఉండగా, ఆ చేలోనే గుండె ఆగి పోయాడు. ఇసోలీనా ఏడవలేదు. పలకరిస్తే "ఊ" అనేది. రొట్టె పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. మనిషి మొద్దుబారిపోయింది.

జులైలో మావాళ్ళే ఆమె చేను తవ్విపెట్టారు. మధ్యాహ్నం నేను టమాటాలు పట్టుకెళ్ళేసరికి వాకిట్లో చాపల నిండా తెల్లటి దుంపలు ఉన్నాయి. తలల కుప్ప ఎక్కడా లేదు.

"తలలేవే?"

"చెక్కేశాను."

"అన్నీనా? ఓసి నీ తెలివి తెల్లారా! విత్తనాలు వండుకు తింటారుటే ఎవరైనా? రేపు చేలో ఏం నాటుతావ్, నా తలకాయా?"

"ఏమో," అంది. చేతిలో కత్తి ఆగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి మా తలల్లోంచి ఒడినిండా తెచ్చి ఆమె ముందు పోశాను.

"ఆగస్టులోగా నాటు. చేనూ ఇల్లూ భూస్వామివి, బీడుపెడితే నిన్ను ఈ ఇంట్లో ఉండనిస్తాడనుకున్నావా? సామాను బయట పడేస్తాడు!"

ఇసోలీనా ఒక తల అందుకుని ఆకులు కత్తిరించింది. నాటేముందు చేసేది అదే. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నాను. అంతలోనే దాని తొక్క తీయడం మొదలుపెట్టింది.

"ఇసోలీనా!"

"నాటితే మూడేళ్ళు ఉండాలి కదే," అంది నాకేసి చూడకుండా. "నావల్ల కాదు."

మిగిలినవి ఒళ్ళోకి ఎత్తుకుని, ఆమె పలుగే తీసుకుని, ఆమె చేలోకి దిగి నాటడం మొదలుపెట్టాను. వస్తుందేమోనని పొద్దుగూకేదాకా వాకిలి వైపు చూస్తూనే ఉన్నాను. రాలేదు.