గడప బయటి చెప్పులు

నా ఎడమ పాదానికి స్పర్శ లేదు. చక్కెర జబ్బు తినేసింది. ఒకసారి మేకు దిగితే, ప్రొద్దుటూరులో నేనూ మా అన్నా నడిపే బట్టల అంగడి నుంచి ఇంటిదాకా దానితోనే నడిచొచ్చాను. నట్టింట్లో రక్తం చూసి మా ఆవిడ కేక పెడితేగానీ నాకు తెలియలేదు. చిటికెన వేలు తీసేశారు. జమ్మలమడుగు డాక్టరు నా పాదం కొలతకు ప్రత్యేకంగా మెత్తటి చెప్పులు చేయించి, "ఇంట్లోనైనా, అంగట్లోనైనా ఇవి లేకుండా అడుగెయ్యొద్దు. ఇంకో పుండు పడితే పాదమే తీయాల్సొస్తాది" అన్నాడు. అదే కాగితం మీద రాసిచ్చాడు కూడా.

ఆ కాగితం జతచేసి ఇన్సూరెన్సుకు పంపితే, చెప్పులు సౌకర్యం కోసం వాడే వస్తువులట, వైద్యం కిందికి రావట. మరి వేలు తెగ్గోయించుకున్నది కూడా సౌకర్యానికేనా? ప్రీమియం ఒక్కరోజు ఆలస్యమైతే ఫోను మీద ఫోను చేసే మనుషులు వీళ్ళు. ఒళ్ళు మండి, మళ్ళీ పరిశీలించమని వరసగా మూడు ఉత్తరాలు రాశాను.

చివరికి విచారణకని ఒకతను అంగడికి వచ్చాడు. మా దగ్గర బేరమంతా పరుపు మీద కూర్చునే. తెల్ల దుప్పటి, గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం. చెప్పులతో గడప దాటినవాడు లేడు. అతనూ తన బూట్లు బుద్ధిగా బయటే విప్పి లోపలికొచ్చాడు. వట్టి కాళ్ళతో కూర్చున్న నన్ను ఫోనులో ఫోటో తీసుకున్నాడు. మేమిచ్చిన కాఫీ తాగి, నవ్వుతూ వెళ్ళాడు. నా చెప్పులు గిరాకీల చెప్పుల మధ్య బయటే ఉన్నాయి.

పది రోజులకు జవాబొచ్చింది: పాలసీదారు ఆ చెప్పులు వాడటం లేదు గనుక అవి అవసరం లేనట్టే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఆ కాగితం పట్టుకుని పులివెందులలోని వాళ్ళ ఆఫీసుకు పోయాను. తలుపు పక్కన బోర్డు: పాదరక్షలు బయట విడువవలెను. నేను విడవలేదు.

"చెప్పులు బయట ఇడ్సి రాప్పా," అన్నాడు బల్ల వెనక ఆఫీసరు.

"ఇడ్సను. మొన్న ఇడ్సినందుకే గదా ఇవి నాకు అక్కర్లేదని రాసినారు. ఇప్పుడు తీయి ఫోటో!"

"నా మీద అరిస్తే ఏమొస్తాది? డాక్టరు అంత చెప్పినాక, అంగట్లో ఎందుకిడ్సినావు?"

వాడి పీక పట్టుకోవాలనిపించింది. వాడడిగింది నిజమే మరి. విడిచింది లక్ష్మి మీద భక్తితో కూడా కాదు, మా అన్నకు భయపడి. నా కాగితం పైకి పంపుతానన్నాడు ఆఫీసరు. అది ఇప్పటికీ పైనే ఉంది.

మర్నాడు చెప్పులతోనే గడప దాటి పరుపెక్కాను. గిరాకీల ముందే అన్న లేచి నిలబడ్డాడు.

"లచ్చిమి పోతాది రా, ఇడ్సు!"

"పోతే పోనీలే న్నా. నా కాళ్ళకు వేళ్ళు తొమ్మిదే మిగిలినాయి."