చావు దగ్గర మూయని పుస్తకం

శాస్త్రాల్లోని హింసను వ్యాఖ్యానం పేరుతో కప్పిపుచ్చుతున్నానని మొన్న కాలేజీ చర్చలో నా మీద నేరం మోపారు. ఉన్నది ఉన్నట్టు చదివే ధైర్యం నాకు లేదట! సమాధానం నా దగ్గరుంది... అయితే అది వేదికల మీద నేర్చుకున్నది కాదు.

మా చిన్నప్పుడు... జలంత్రకోటలో తాతయ్య కార్తీకమాసమంతా మా అరుగు మీద పురాణం చదివేవారు. ఏ ఇంటివారు దీపానికి నూనె పోస్తే, ఆ సాయంత్రం వారు కోరిన ఘట్టం చదవడం ఆనవాయితీ.

ఆ రోజు నూనె కామినాయుడిది. కొబ్బరితోటల రైతు, ఊళ్లో మాట నెగ్గే మనిషి. అతని భార్య నీలమ్మ గాజులమ్మేవాడితో నవ్వుతూ మాట్లాడిందట... అంతే. ఆమెను టెక్కలి దగ్గరి పుట్టింట్లో దించి రమ్మనీ, ఇక తన గడప తొక్కనివ్వననీ కొడుకు అప్పన్నకు ఆజ్ఞ వేశాడు. అప్పన్న కదల్లేదు.

"తండ్రి మాట మీద తల్లి తల నరికినాడు కదా... ఆ కత సదవండి పంతులుగోరూ. మావోడు ఇనాల," అన్నాడు కామినాయుడు.

నీలమ్మ నా పక్కనే కూర్చుంది. జీడిపిక్కలు కొట్టి నల్లబడిన ఆమె వేళ్లు చాప అంచును గట్టిగా పట్టుకున్నాయి... తాతయ్య గొంతు మాత్రం తొణకలేదు. నదికి వెళ్లిన తల్లి, అక్కడ జలకాలాడుతున్న ఒక రాజును క్షణకాలం చూడటం... భర్త ఆగ్రహం... పెద్దకొడుకులు కాదనడం... చిన్నకొడుకు గొడ్డలి ఎత్తడం...

తల తెగింది.

"అదీ కొడుకంటే! ఇన్నావేటిరా అప్పన్నా? సాలు పంతులుగోరూ, మంగళం పాడీండి."

తాతయ్య పుస్తకం మూయలేదు. "చావు దగ్గర పురాణం ఆపకూడదు నాయుడూ, ఊరికి కీడు. ఆ తల్లి బతికేదాకా కూర్చో."

"నూనె నాది పంతులుగోరూ!"

"నూనె నీదే. కథ నీది కాదు."

వెనక నుంచి ఎవరో ముసలావిడ అంది: "కూకో మావా... నీ నూనె ఇంకా అయిపోనేదులే!"

తాతయ్య చదివారు. మెచ్చిన తండ్రి వరం కోరుకోమంటే, ఆ కొడుకు మొదట కోరింది తల్లి ప్రాణం... ఆ చావు ఆమెకు గుర్తుండకూడదన్నది ఆ తరువాత.

అప్పన్న లేచాడు. తండ్రి వైపు తిరిగాడు. "అయ్యా... ఆడు కూడా ఆకరికి అమ్మే కావాలన్నాడు. నాను ముందే అడుగుతన్నాను. అమ్మని ఒగ్గను."

తల్లి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు. కామినాయుడు అడ్డుకోలేదు. కాని ఆ ఏడు మళ్లీ మా అరుగెక్కలేదు...

తాతయ్య ఆనవాయితీ చెప్పారు, వాదించలేదు. నేను వాదిస్తాను. గొడ్డలిని నేను దాచడం లేదు. తెగిన తలనూ దాచడం లేదు. కాని చేసిన పనిని చెరిపివేయమని కోరడమే ఆ కొడుకు మొదటి వరమైతే, ఆ ఆజ్ఞ మీద అంతకంటే పెద్ద తీర్పు ఏముంది? కప్పిపుచ్చుతున్నది నేను కాదు, సగంలో మంగళం పాడమన్నవారు. ఇక ఆ తల్లి ఎందుకు మరచిపోవాలి? ఈ ప్రశ్న తాతయ్యనూ అడిగాను. నవ్వి ఊరుకున్నారు... నేను ఊరుకోను.

ఇప్పుడు కథ చివరిదాకా కూర్చునే ఓపిక తగ్గిపోయింది. ఒక్క శ్లోకం తెంచుకొచ్చి ఎదుటివారి మీద విసరడం పాండిత్యమైంది...

మీ ఇళ్లలో ఏ కథను ఎక్కడ ఆపి, ఎవరిని భయపెట్టారు? చెప్పండి. చెప్పి ఊరుకోకండి... ఆపిన చోటు నుంచి, వాళ్ల ఎదుటే, గట్టిగా చదవండి.