జాకీ మీద చూసిన బండి

మధ్యాహ్నం రెండింటికి ట్రక్కు మమ్మల్ని సరిహద్దు క్యాంపులో దింపింది. పదమూడు వేల అడుగుల ఎత్తు. సన్నటి మంచు. ఖరగ్‌పూర్‌లో చెప్పులు తారుకి అంటుకుంటుంటే బయలుదేరాను. ఇక్కడ చలికి స్పానరు చేతికి అంటుకుంది. పదో తరగతితో బడికి దండం పెట్టేసిన నాకు ఫౌజు ఇచ్చిన పని బండ్లు బాగుచేయడం.

క్యాంపులో రెండు జీపులు. పై పోస్టుకి పదకొండు కిలోమీటర్లు, మధ్యలో వాగు. రాళ్ళు బండి కడుపుకి తగులుతున్నాయి. హవల్దార్ ఆర్డరు వేశాడు: "రెండూ నాలుగంగుళాలు లేపు." స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి లేపాను. రెండు రోజుల పని. ఎత్తు మడమల చెప్పులేసుకున్న పెళ్ళికూతుళ్ళలా నిలబడ్డాయి.

మొదటి జీపు డ్రైవరుది పలాస. నాకన్నా పదేళ్ళు పెద్ద. బండ్లు లేపిన మూడో రోజు నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే ఖరగపూరోడా, రాయెక్కితే సాలు, బండి దానంతటదే పక్కకి లాగేస్తంది. ఏటో సూడు."

"బండి కాదన్నా, వదిన లాగేస్తంది. సెలవెట్టుకో."

బంకరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "ఏళాకోళం సాలు గానీ, సూడరా బాబూ."

చూశాను. జాకీ వేసి ముందు చక్రాలు గాల్లోకి లేపాను. పట్టుకుని ఊపాను. కీళ్ళు వదులు లేవు, బోల్టులు బిగువుగా ఉన్నాయి. ఉదయం తొమ్మిదిన్నరకి రిజిస్టర్లో 'ఓకే' రాసి సంతకం పెట్టాను.

"బండి బాగుందన్నా. నీ సేతులే ముసిలయిపోనాయి."

ఈసారి ఆయన నవ్వలేదు. చేతులకేసి చూసుకున్నాడు.

నాలుగో రోజు, పదకొండూ నలభై. రేడియో ఆపరేటరు చెవుల మీంచి హెడ్‌ఫోను తీశాడు. "రెండో మలుపులో మన మొదటి జీపు లోయలో పడింది. ఒక్కడే ఉన్నాడట." హెడ్‌ఫోను బల్ల మీద పెట్టి, "ఇక లేడు" అన్నాడు.

విచారణ కాగితంలో 'డ్రైవర్ తప్పిదం' అని రాయబోతున్నారు. బండి బాగుందని నా సంతకమే చెబుతోంది కదా.

సాయంత్రం క్యాంపు ఫోన్లో నాన్నకి చెప్పాను. ఆయన రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు, బతుకంతా బోగీల స్ప్రింగులు చూసినవాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఏలాడదీసి సూసినావా, దించి సూసినావా?"

"జాకీ మీద సూసినాను నాన్నా."

"బరువు పడకుండా స్ప్రింగు ఏటి సెప్తాదిరా?"

చిన్నప్పుడు వందసార్లు విన్న మాటే.

మర్నాడు ఏడింటికి రెండో జీపుని చదునైన చోట నిలబెట్టాను. ఇంజను ఆపేశాను. ఇద్దరు జవాన్లని ముందు బంపరెక్కించి గెంతమన్నాను. నేను డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ఎవరూ లేరు. బండి కిందికి దిగినప్పుడల్లా స్టీరింగు దానంతటదే ఎడమకి, లేచినప్పుడల్లా కుడికి తిరిగింది.

కింద పడుకుని చూశాను. స్టీరింగు గేరు నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు ఇంతకుముందు దాదాపు అడ్డంగా ఉండేది. బండి లేపాక ఏటవాలైంది. ఇక చక్రం రాయెక్కితే చాలు, ఆ రాడ్డే దాన్ని పక్కకి తోస్తుంది, ఎంత గట్టి చేతులు పట్టుకున్నా. బండి లేపినప్పుడే, గేరుకి వేలాడుతూ ఆ రాడ్డుని పట్టుకునే ఆర్మ్ కూడా పొడుగుది వేసి రాడ్డుని మళ్ళీ అడ్డానికి తేవాల్సింది. తేవాల్సినవాణ్ణి నేనే.

"సాబ్, తప్పు నాది. ఆయన చేతులది కాదు."

"రాసిస్తావా?" అన్నాడు హవల్దార్.

రాసిచ్చాను. నా ప్రమోషన్ పోయింది. 'డ్రైవర్ తప్పిదం' కూడా పోయింది.

డ్యూటీ ముగిసి వస్తూ, ఖరగ్‌పూర్‌లో దిగకుండా పలాస దాకా వెళ్ళాను. వదినకి అంతా చెప్పాను. నన్ను తిట్టలేదు. "ఆరి సేతులు నాకు తెల్దా బాబూ" అని లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

ఇప్పుడు ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్లో చిన్న గ్యారేజీ నాది. "దాదా, బోర్డర్లో ఎన్ని తూటాలు పేల్చినావు?" అంటారు కుర్రాళ్ళు. ఒక్కటీ లేదు. రిజిస్టర్లో రెండక్షరాలు రాశాను, అంతే.

పక్కనున్న హిజ్లీ వైపు నుంచి ఎత్తు లేపిన జీపులు వస్తాయి. తెచ్చినవాళ్ళని ముందు బంపరెక్కి గెంతమంటాను. నవ్వుకుంటూ గెంతుతారు. నేను తలుపు దగ్గర నిలబడతాను. ఖాళీ సీటు. స్టీరింగు చక్రం మెల్లగా ఎడమకి, కుడికి... కాదు, కాదు అని తల ఊపుతున్నట్టు.